వానలు పడేదాకా మా షాపులో షిట్జు కుక్కపిల్లలు అమ్మడం లేదు

బరంపురంలో మా షాపుకు ఏళ్లుగా వస్తున్న అమ్మలకు, అన్నయ్యలకు, పిల్లలకు నమస్కారం. పోయిన నెలలో జరిగిన విషయం ఒకటి మీ అందరికీ నేనే చెప్పాలి.

ఫిబ్రవరిలో ఒక కుటుంబం వచ్చి, "ఇంట్లో మూడేళ్ల పాప ఉంది, పామ్ తీసుకోమంటారా, షిట్జునా?" అని అడిగారు. పామ్ అంటే పొమరేనియన్, రెండూ చిన్న జాతి కుక్కలే. షిట్జు ఇచ్చాను. వాళ్లుండేది మూడో అంతస్తు, ఇంటి పైన ఎండకు కాలే స్లాబు. ఏసీ లేదు. "ఫ్యాన్ ఉంటే చాలమ్మా" అన్నాను. మే నెలలో ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది. ఆ కూన రొప్పి రొప్పి పడిపోయింది. డాక్టరు దగ్గరికి తీసుకెళ్లేలోపే ప్రాణం పోయింది. సాయంత్రం ఆవిడ ఫోన్ చేసి ఒక్క మాటే అడిగారు: "ఫ్యాన్ ఉంటే చాలన్నారు కదా బాబూ?"

తప్పు నాదే. నాకు తెలిసి ఉండాల్సిన విషయం అది. కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు. నాలుక బయటపెట్టి రొప్పితే నోట్లో తడి ఆరి ఒంటి వేడి దిగుతుంది. షిట్జుది అణిగిన ముక్కు, గాలి పోయే దారి ఇరుకు. పైగా గోపాల్‌పూర్ సముద్రం మనకు పక్కనే, వేసవంతా ఉక్కపోత. గాలిలోనే అంత చెమ్మ ఉంటే ఎంత రొప్పినా నోట్లో తడి సరిగా ఆరదు. కొరాపుట్ కొండల మీద ఉండేవాళ్లకు ఇంత కష్టం ఉండకపోవచ్చు. మన ఊళ్లో మాత్రం షిట్జు కావాలంటే ఇంట్లో ఒక చల్లని గది ఉండాలి. కరెంటు పోతే ఏం చేయాలో కూడా ముందే అనుకోవాలి. 2013లో ఫైలిన్ తుఫాను తర్వాత రోజుల తరబడి చీకట్లో ఉన్నాం, ఎవరం మరిచిపోలేదు కదా.

మరి పామ్ తీసుకుంటే సరిపోతుందా అంటే, అదీ ఇంటిని బట్టే. అసలైన పామ్ పెద్దయ్యాక కూడా రెండు మూడు కిలోలే. షిట్జు నాలుగు నుంచి ఏడు కిలోలు తూగుతుంది, కాస్త గట్టి పిండం. పామ్ సోఫా మీంచి దూకినా, పాప చేతిలోంచి జారినా కాలు విరగొచ్చు. అందుకే ఐదేళ్లలోపు పిల్లలున్న ఇంటికి పామ్ ఇవ్వడానికి నాకు మనసు ఒప్పదు. మెడకు కాలర్ వేసి లాగితే ఊపిరి గొట్టం దెబ్బతినొచ్చు, ఛాతీకి వేసే హార్నెస్సే వాడాలి. అరుపు సంగతి మీకు తెలిసిందే. మన ఊరి అమ్మవారి జాతర ఠాకురాణి యాత్ర మేళం వీధి చివర వినపడితే చాలు, ఇల్లు లేపేస్తుంది. గోడకు గోడ ఆనుకున్న సాహీల్లో (వీధుల్లో) ఉండేవాళ్లు పక్కింటివాళ్లను ఒక మాట అడిగి తీసుకుంటే మంచిది.

ఏప్రిల్ రాగానే పామ్‌కు గుండు కొట్టమని చాలామంది తెస్తారు. ఇకమీదట కొట్టను. దానికి రెండు పొరల జూలు, గొరిగితే కొన్నిటికి మళ్లీ సరిగా రాదు. షిట్జు జూలు మన జుట్టులా పెరుగుతూనే ఉంటుంది, కురచగా కత్తిరించవచ్చు. కత్తిరించకపోతే రోజూ దువ్వాల్సిందే, చిక్కు పడితే చర్మం పుండవుతుంది.

ఇంకో మాట కూడా దాచను. మొదట్లో మేం "పామ్" అని అమ్మినవాటిలో కొన్ని నిజానికి ఇండియన్ స్పిట్జ్, చూడ్డానికి పామ్‌లాగే ఉండే వేరే జాతి. నాకు తెచ్చి ఇచ్చినవాళ్లు ఏ పేరు చెబితే ఆ పేరుతోనే అమ్మాను. మీ పామ్ ఏడెనిమిది కిలోలు దాటితే ఒకసారి తీసుకురండి. స్పిట్జ్ అని తేలితే తేడా డబ్బు తిరిగి ఇస్తాను. కుక్కకు మాత్రం వంక పెట్టకండి. మన వేడికి, మన ఇళ్లకు ఆ రెండిటికంటే స్పిట్జే బాగా సరిపోతుందని నా నమ్మకం. ఇకనుంచి బిల్లు మీద జాతి పేరు స్పష్టంగా రాస్తాం.

ఇక మార్చి నుంచి జూన్ దాకా షిట్జు అమ్మను. మిగతా నెలల్లో కూడా మీ ఇల్లు చూశాకే ఇస్తాను. ఎనిమిది వారాలు నిండని కూనను కుక్కల పెంపకం, అమ్మకాలపై 2017లో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం అమ్మకూడదు. "చిన్నప్పుడే ఇస్తే మచ్చిక అవుతుంది" అని దయచేసి అడగకండి.

ప్రస్తుతం మా దగ్గర మూడు షిట్జు కూనలున్నాయి. వాటిని మా ఇంటికి తీసుకెళ్లి కింది గదిలో ఉంచాం. అడ్వాన్స్ ఇచ్చిన ఇద్దరిలో ఒకరు డబ్బు వెనక్కి తీసుకున్నారు, ఒకరు జులై దాకా ఆగుతామన్నారు. వాళ్ల కూనను ఆదివారం పొద్దున ఎనిమిదిలోపు వచ్చి చూసుకోవచ్చు. ఎండెక్కాక దాన్ని బయటికి తీయం.