ఉరి ఖరారు కాకముందే ఆ పుట్టిన తేదీ చూడండి

గౌరవనీయ రాష్ట్ర న్యాయశాఖ మంత్రి గారికి,

నెల్లూరు జిల్లా ఉదయగిరి ప్రాంతపు యువకుడొకడికి హత్య కేసులో సెషన్స్ కోర్టు ఉరిశిక్ష విధించింది. హైకోర్టు దాన్ని ఖరారు చేయవలసి ఉంది. హతురాలు ఒంటరిగా ఉన్న వృద్ధురాలు. ఆమె పెట్టిన అన్నం తిన్న చేతులే ఆమె ప్రాణం తీశాయి. ఆమె బిడ్డల ముఖం చూసినవాణ్ని, అతన్ని వదిలేయమని అడగను. 2023 సంక్రాంతికి, అంటే నేరం జరిగేనాటికి, అతనికి పద్దెనిమిదేళ్లు నిండాయా లేదా తేల్చమని మాత్రం అడుగుతున్నాను.

బడి రికార్డులో 2004 జూన్ 1 అని ఉంది. మా మెట్ట మండలాల్లో ఏ పాత అడ్మిషన్ రిజిస్టరు తిరగేసినా పేజీ నిండా జూన్ ఒకటి, జూలై ఒకటి తేదీలే. తల్లిదండ్రులు బెంగళూరుకో హైదరాబాదుకో కూలికి పోతే బిడ్డను అవ్వ వెంటబెట్టుకొస్తుంది. తేదీ ఆమెకేం తెలుసు? ఒకటో తరగతికి ఐదేళ్లు నిండాలి కనుక సరిపోయే తేదీ వేసేస్తారు. ఉపాధ్యాయులందరికీ తెలిసిన సంగతే ఇది. కన్నతల్లి మాత్రం, "సునామీ పోయాక వచ్చిన ఎండాకాలంలో, మామిడికాయలు కోసే రోజుల్లో పుట్టాడయ్యా" అంటోంది. సునామీ వచ్చింది 2004 డిసెంబరు 26న. ఆమె మాట నిజమైతే నేరం నాటికి అతనికి పదిహేడేళ్లే.

పద్దెనిమిది నిండని వారికి ఉరి వేయకూడదని 2015 నాటి బాలల న్యాయ చట్టం 21వ సెక్షన్ చెబుతోంది. పదహారు దాటినవారిని ఘోర నేరాల్లో పెద్దవారిలా విచారించినా ఉరి మాత్రం కుదరదు. వయసు ప్రశ్నను తుది తీర్పు తర్వాతైనా లేవనెత్తవచ్చు. చిక్కల్లా ఎక్కడంటే, వయసు తేల్చేటప్పుడు ఆ చట్టం మొదట చూడమనేది బడి ధ్రువపత్రాన్నే.

1994 నాటి పుణె హత్యల కేసులో ఉరిశిక్ష పడిన ఒక వ్యక్తి, నేరం నాటికి పన్నెండేళ్లవాడని సుప్రీంకోర్టు తేల్చి విడుదల చేసేసరికి 2023 మార్చి వచ్చింది. ఇరవై ఎనిమిదేళ్లకు పైగా జైల్లోనే గడిచిపోయాయి.

చిలకలూరిపేట బస్సు దహనం కేసులో ఇద్దరు యువకుల ఉరిని రాష్ట్రపతి కె.ఆర్. నారాయణన్ 1998లో యావజ్జీవంగా మార్చారు. అది క్షమాభిక్ష. మా విన్నపం అంతదూరం పోలేదు. ఆ తల్లి గర్భిణిగా నమోదైన అంగన్‌వాడీ రిజిస్టరు, బిడ్డకు మొదటి టీకా వేసిన ఆరోగ్య ఉపకేంద్రం పుస్తకం వెతికించి, ప్రభుత్వ న్యాయవాది ద్వారా హైకోర్టు ముందు పెట్టించండి. అవి ప్రభుత్వ కాగితాలు. జైల్లో ఉన్న కుర్రాడికీ, కూలికి పోయే ఆ తల్లికీ అందేవి కావు. మీరు ఆదేశిస్తే తహసీల్దారు వారంలో తెప్పించగలరు.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
ఉదయగిరి