మా కుక్క బన్నీ కన్ను సంగతి

ఒరేయ్ శీనూ,

మెసేజ్‌లకి జవాబివ్వట్లేదని అలిగావట. నెలన్నరగా ఇల్లంతా బన్నీ కన్ను చుట్టూనే తిరిగిందిరా, అందుకే ఈ పొడుగు ఉత్తరం.

మొదట మా ఆవిడ కనిపెట్టింది, "దీని ఎడమ కన్ను ఉబ్బినట్టు లేదూ?" అని. జుట్టు కత్తిరించాం కదా, అలా కనిపిస్తోందిలే అన్నాను. నాలుగు రోజుల్లో కంటి మూల నుంచి ఎర్రటి పొర సగం దాకా వచ్చేసింది. దగ్గర్లో ఒకాయనకి చూపిస్తే ఇన్ఫెక్షన్ అని చుక్కలు రాసిచ్చాడు, మూడు వారాలు వేశాం, దండగ.

తర్వాత చూసిన డాక్టరమ్మ రెప్పలు మూసి, బొటనవేళ్ళతో రెండు కళ్ళనీ మెల్లగా లోపలికి నొక్కింది. కుడిది స్పాంజిలా దిగింది, ఎడమది కదల్లేదు. నోరు బాగా తెరిచి చూసినా బన్నీ కుయ్యనలేదు. కంటి వెనక చీముగడ్డ ఉంటే నోరు తెరవగానే గోల పెట్టేస్తుందట, నొప్పి లేకుండా నెమ్మదిగా ఉబ్బితే కణితిని అనుమానించాలట. సీటీ స్కాన్‌లో అదే తేలింది. కుక్కలకి అక్కడ వచ్చే కణితులు చాలావరకు క్యాన్సరే, అప్పుడు కన్నుతో సహా తీసేయడమే మేలు అంది. మాది అంచులు తేటగా ఉన్న గడ్డ, సూది పరీక్షలోనూ చెడ్డ కణాలు కనపడలేదు కాబట్టి కన్ను ఉంచి ప్రయత్నిద్దామంది. అయినా కన్ను తీయడానికి కూడా ముందే సంతకం పెట్టించుకుంది, నా చెయ్యి వణికిందిరా.

కుక్కకి మనలా కంటి చుట్టూ పూర్తి ఎముక ఉండదట, బయటివైపు గట్టి పట్టీలాంటిదే ఉంటుందట. దాన్ని విడదీసి, దవడ పైన ఉండే ఎముక ముక్కని కోసి పక్కన పెట్టి, గడ్డ తీసి, మళ్ళీ తీగతో బిగించారు. బీరువా గుమ్మంలో పట్టకపోతే కిటికీ ఊడదీసి దింపుతారే, అలాగన్నమాట. కన్ను ఎండిపోకుండా పది రోజులు రెప్పలు కుట్టేసి ఉంచారు, గీక్కోకుండా మెడకి కట్టిన ప్లాస్టిక్ గరాటుతో ఇల్లంతా గుద్దుకుంటూ తిరిగింది పాపం. బయాప్సీలో క్యాన్సర్ కాదని వచ్చింది, కానీ మళ్ళీ పెరగొచ్చట, ఆర్నెల్లకి ఇంకో స్కాన్.

కుట్లు విప్పాక డాక్టరమ్మ కుడి కన్ను మూసి ఎదురుగా దూది ఉండ వదిలింది, దూదికి చప్పుడు ఉండదుగా, చూపు ఉంటేనే తెలుస్తుంది. బన్నీ తల దాంతోపాటే కిందికి దిగింది, ఆ దూదిని తినేయబోయింది కూడా!

ఆదివారం రా. ఎడమ పక్క నుంచి మాత్రం చెయ్యి పెట్టకు, ఇంకా ఉలిక్కిపడుతోంది.

నీ
రాజుగాడు