గ్రంథాలయ మిత్రుల సంఘం, తిరుపతి: 2024-25 వార్షిక నివేదిక

సభ్యులకు, పెద్దలకు నమస్కారం.

సర్వసభ్య సమావేశంలో కార్యదర్శి నివేదిక చదవాలని మన నియమావళిలో ఉంది కాబట్టి చదువుతున్నాను. జరిగిన పని కాగితం మీదికి ఎక్కకపోతే జరగనట్టే లెక్కేస్తారన్న భయం కూడా ఒకటుంది. పాత పుస్తకాలు, తాళపత్రాలు, పత్రికలు కాపాడే ఈ సంఘం ఎందుకు పెట్టుకున్నామో, కళాశాల లైబ్రరీ మేడ మీది మూల గదిలో ఏమేం ఉన్నాయో మళ్లీ ఏకరువు పెట్టను. చందా కట్టినవాళ్లకు తెలుసు. కట్టనివాళ్లకు ఇంకా బాగా తెలుసు, సలహాలన్నీ వాళ్లవే కాబట్టి.

ముందుగా కృతజ్ఞతలు. ఆదివారాలు కూడా గది తెరుచుకోనిచ్చిన ప్రిన్సిపాల్ గారికి, తన పని ముగిశాక మాతో పాటు దుమ్ములో కూర్చున్న లైబ్రేరియన్ గారికి, బీరువాల కింద ఊడ్చేటప్పుడు దొరికిన ప్రతి కాగితం ముక్కనూ కవర్లో వేసి దాచిన అటెండరు గారికి, చరిత్ర, తెలుగు శాఖల అధ్యాపకులకు, ఎన్.ఎస్.ఎస్. పిల్లలకు, బల్లలకూ కుర్చీలకూ అద్దె తీసుకోని షామియానా ఆయనకు, పాత కుట్టు విప్పకుండానే అట్టలు సరిచేసిన బైండింగు మేస్త్రీకి, టీ పంపిన క్యాంటీన్ వాళ్లకు సంఘం రుణపడి ఉంది. పేర్లు చదవడం లేదు. కిందటేడు ఎవరి పేరు ముందు, ఎవరిది వెనక అన్న దగ్గర ఎంత రభస అయిందో మీరంతా చూశారు. ఈసారి అక్షర క్రమంలో నోటీసు బోర్డులో అంటించాం. చూసుకోండి.

ఇక పని సంగతి. ఈ ఏడాది ఎక్కువ కాలం జాబితాకే పట్టింది. మూల గదిలో ఉన్నదేదో తెలియకుండా కాపాడటం ఎవరి వల్లా కాదు. లైబ్రరీ తొలి యాక్సెషన్ రిజిస్టరు, అంటే వచ్చిన ప్రతి పుస్తకాన్నీ వరసగా ఎక్కించే పద్దు పుస్తకం, ముందు పెట్టుకుని, అందులోని ప్రతి పద్దునూ బీరువాలోని పుస్తకంతో సరిచూశాం. రిజిస్టరు అణాల కాలం నాటిది. ధర గడిలో రూపాయలు, అణాలు, పైలు (అణాలో పన్నెండో వంతు) వరసగా ఉంటాయి. 1957 ఏప్రిల్ 1 నుంచి నయాపైసలు వచ్చాయి కదా, అప్పటి లైబ్రేరియన్ గారికి అవి రుచించినట్టు లేదు. కొన్నాళ్ల పాటు నల్లసిరాతో అణాల్లోనే రాసి, పక్కన ఎర్రసిరాతో చిన్నగా నయాపైసలు వేశారు. పుస్తకం దానంగా వస్తే ధర గడిలో 'బహూకరణ' అని రాసి, ఇచ్చినవారి వీధి పేరు కూడా రాశారు. తీర్థకట్ట వీధి, గాంధీ రోడ్డు, చంద్రగిరి... ఊరంతా కలిసి పోగుచేసిన లైబ్రరీ ఇది అని ఆ ఒక్క గడి చూస్తే తెలిసిపోతుంది. ఇప్పుడు ఆ వీధుల్లోనే ఇల్లు పడగొట్టి అపార్ట్‌మెంటు కట్టేటప్పుడు తాతగారి ట్రంకు పెట్టె నేరుగా పాత పేపర్ల కొట్టుకు పోతోంది, కిలో లెక్కన. దయచేసి పోనివ్వకండి. ఒక్క ఫోన్ చేస్తే మేమే ఆటో మాట్లాడుకుని వస్తాం.

జాబితాలో ఊళ్ల పేర్లు పెద్ద చిక్కు తెచ్చాయి. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడక ముందు మన తిరుపతి, చంద్రగిరి ఉత్తర ఆర్కాటు జిల్లాలో ఉండేవి. మదనపల్లె, వాయల్పాడు కడప జిల్లాలో ఉండేవి. 2022 ఏప్రిల్ 4 నుంచి మనది తిరుపతి జిల్లా. పరిశోధనకు వచ్చిన పిల్లవాడు కంప్యూటర్లో 'తిరుపతి జిల్లా' అని కొట్టి, ఏమీ లేదనుకుని వెళ్లిపోతాడు. వాడికి కావలసింది పక్క బీరువాలోనే, కాక్స్ దొర 1881లో రాసిన ఉత్తర ఆర్కాటు జిల్లా మాన్యువల్లో ఉంటుంది. అందుకని ప్రతి కాగితానికీ అప్పటి జిల్లా, ఇప్పటి జిల్లా రెండూ రాస్తున్నాం. పని రెట్టింపయింది. కానీ ఇందులో సందేహం పెట్టుకోనక్కర్లేదు, జాబితా అనేది వెతికేవాడి కోసమే.

తాళపత్రాల దగ్గరికి వస్తే, నవంబరులో ఒక శిక్షణ పెట్టుకున్నాం. బయటి నుంచి వచ్చిన నిపుణురాలు ఒక్కపూటలో మాకున్న అపోహలన్నీ వదలగొట్టారు. ముందు మెత్తటి కుంచెతో దుమ్ము దులపాలి. తర్వాత దూదితో నిమ్మగడ్డి నూనె పలచగా అద్దాలి. గంటంతో గీసిన గీత ఆకులోనే ఉంటుంది, పోయేది అందులోని నలుపు మాత్రమే. నూనెలో కలిపిన దీపపు మసి ఆకు మీద రుద్ది, పొడి గుడ్డతో తుడిస్తే పైన మసి పోయి గీతలో మాత్రం నిలబడుతుంది. అప్పటిదాకా ఉత్త తాటాకులా కనిపించిన దాని మీద వరుసకు వరుస తెలుగు అక్షరాలు లేచి వచ్చాయి. ఎన్.ఎస్.ఎస్. అమ్మాయి ఒకతె "సార్, ఇది ప్రింటా?" అంది! సిరాతో రాసిన ఆకులకు మాత్రం నూనె తగలనివ్వకూడదని ఆవిడ మరీ మరీ చెప్పారు. కలరా ఉండలు తీసేయించి, వస కొమ్ములు గుడ్డలో మూటకట్టి పెట్టించారు. ఆకుల కంటే కాస్త వెడల్పున్న చెక్క పలకల మధ్య కట్టలు కట్టాం. తాడు మరీ బిగించకూడదట, రంధ్రం దగ్గర ఆకు చీలుతుంది.

ఒక కట్ట చివర రాసినవాడు తన పేరు రాయలేదు గానీ విళంబి నామ సంవత్సరం, వైశాఖం అని తిథితో సహా రాశాడు. ఏ విళంబి? మొన్నటి 2018 విళంబి కాదని తెలుస్తూనే ఉంది. 1958 అనడానికీ ఆకు తీరు ఒప్పుకోవడం లేదు. ఇక మిగిలేవి 1898, 1838, అంతకు ముందువి. తిథికి వారం తోడైతే పాత పంచాంగం వేసి తేల్చెయ్యొచ్చు. సరిగ్గా వారం పేరున్న చోటే పురుగు తినేసింది. అంత పెద్ద ఆకులో దానికి వారమే కావలసి వచ్చింది. మన సభ్యుల్లో జ్యోతిషం తెలిసిన పెద్దాయన ఆ మిగిలిన ముక్కలోని ఒక కొమ్మును పట్టుకుని శుక్రవారమే అంటున్నారు. నేను నమ్మడం లేదు. జాబితాలో 'విళంబి' అని మాత్రమే వేశాం.

ఇప్పుడు అసలు విషయం. నవంబరు 14 నుంచి 20 వరకు జరిగే జాతీయ గ్రంథాలయ వారోత్సవాల్లో మనం పెట్టిన ప్రదర్శన గురించి రాయకపోతే ఈ నివేదికే దండగ. ప్రారంభం రోజు ఉదయం నుంచి మబ్బు, కరెంటు పోతుందేమోనని అందరికీ టెన్షన్. పోలేదు. పదిమంది వస్తే గొప్ప అనుకున్నాం. మొదటి గంటలోనే చెప్పుల స్టాండు నిండి వరండా మెట్ల దాకా చెప్పులు పరుచుకున్నాయి. ఈ ఊళ్లో గుడి ముందు తప్ప ఆ దృశ్యం అరుదు.

ఒక బల్ల మీద 'భారతి' మాసపత్రిక 1924 నాటి తొలి సంపుటం పెట్టాం. నూరేళ్లు నిండిన సందర్భం. మన సంపుటం విలువ ఏమిటంటే, దీన్ని బైండు చేసినవాడు అట్టలూ ప్రకటనలూ తీసిపారెయ్యలేదు. చాలా లైబ్రరీల్లో బైండింగుకు వెళ్లిన పత్రికలు వ్యాసాలతో మాత్రమే తిరిగొచ్చాయి. వచ్చినవాళ్లు వ్యాసాలు వదిలేసి అమృతాంజనం ప్రకటన దగ్గర ఆగారని అధ్యక్షులు కాస్త నొచ్చుకున్నారు. ఆ పత్రిక పెట్టిన నాగేశ్వరరావు పంతులుగారే అమృతాంజనం కూడా పెట్టారు కాబట్టి, పంతులుగారు నొచ్చుకుని ఉండరని నా అభిప్రాయం.

ప్రారంభ ఉపన్యాసంలో వక్తగారు ఈ ఊరి గొప్ప గుర్తుచేశారు. తిరుమల ఆలయంలోని సంకీర్తన భండారం నుంచి బయటికొచ్చిన రాగిరేకుల మీది అన్నమయ్య పాటల్ని పరిష్కరించిన వేటూరి ప్రభాకరశాస్త్రి గారు, రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ గారు తిరుపతిలోనే కూర్చుని ఆ పని చేశారు. అన్నమయ్య పోయింది 1503లో. పాటలు అచ్చయి జనంలోకి వచ్చింది ఇరవయ్యో శతాబ్దంలో. రాగి కాబట్టి ఆగింది, కాగితం ఆగదు అన్నారు వక్తగారు. చప్పట్లు బాగా పడ్డాయి. చప్పట్లు కొట్టినవాళ్లలో ఎంతమంది తర్వాతి ఆదివారం పనికి వచ్చారన్నది కిందికి వస్తే తెలుస్తుంది.

జనం కదలకుండా నిలబడిపోయింది మాత్రం లిఖిత పత్రికల బల్ల దగ్గర. అచ్చుకు డబ్బుల్లేని రోజుల్లో విద్యార్థులు చేత్తో రాసి, బొమ్మలు వేసి, కుట్టి, రీడింగ్ రూములో వేలాడదీసిన పత్రికలవి. ఒక్కో సంచికకూ ప్రపంచంలో ఒక్కటే ప్రతి. మూడో రోజు ఒక పెద్దావిడ మనవడితో వచ్చారు. పేజీలు తిప్పుతూ తిప్పుతూ ఒకచోట ఆగి, "ఇది నా కథే" అన్నారు. మేమంతా చుట్టూ మూగాం, ఫోటోలు తీశాం. ఆవిడ మాత్రం కళ్లజోడు సర్దుకుని చివరిదాకా చదివి, "ఈ ఆఖరి పేరా నాది కాదు. అప్పుడే చెప్పాను, వినలేదు. పెళ్లి అయిపోయినట్టు మార్చేశారు" అన్నారు. సంపాదకుడుగా ఉన్న అబ్బాయి ఎవరని అడిగితే పేరు చెప్పలేదు, "ఇప్పుడెందుకులే" అన్నారు. ఆవిడ అసలు ముగింపు గుర్తుపెట్టుకుని మరీ ఒక తెల్లకాగితం మీద రాసిచ్చారు. దాన్ని ఆ సంచికతో పాటే కవర్లో భద్రం చేశాం. స్కాన్ చేసి అందరికీ అందుబాటులో పెట్టడానికి సంతకం చేసి అనుమతి కూడా ఇచ్చారు.

అనుమతి మాట వచ్చింది కాబట్టి, అన్నీ నెట్‌లో ఎందుకు పెట్టడం లేదని అడిగేవాళ్లకు ఇక్కడే జవాబు. రచయిత పోయాక 60 ఏళ్ల వరకు హక్కు వారసులది. మన కట్టమంచి రామలింగారెడ్డి గారు 1951లో పోయారు కాబట్టి 2012 నుంచి ఆయన రచనలు ఎవరైనా పెట్టుకోవచ్చు. కళాశాల పత్రికల్లో రాసినవాళ్లు చాలామంది ఇంకా మన మధ్యే ఉన్నారు, కొందరు ఈ హాల్లోనే ఉన్నారు. టీ బల్ల దగ్గర ఫారాలు పెట్టాం. సంతకం చేసి వెళ్లండి.

2021 నవంబరు వరదల్లో తడిసిన దినపత్రికల కట్టల విషయంలో మంచి వార్త లేదు. కింది గదిలోవి ఇటుకల్లా గట్టిపడిపోయాయి. విడదీస్తే పొడి అవుతున్నాయి. తడిసిన కాగితానికి రెండు రోజుల్లో బూజు మొదలవుతుందని, ఆరబెట్టే దారి లేకపోతే గడ్డకట్టించి ఉంచి తర్వాత తీరిగ్గా ఆరబెట్టుకోవచ్చని నిపుణురాలు చెప్పారు. మామిడి గుజ్జు ఫ్యాక్టరీలకు పేరుపడ్డ జిల్లాలో ఉండి, కోల్డ్ స్టోరేజీకి పంపితే సరిపోయేదని అప్పుడు మాకు చెప్పినవాళ్లు లేరు. ఇప్పుడు రెండు చోట్ల మాట్లాడి ఉంచాం. మళ్లీ అవసరం రాకూడదనే కోరుకుంటున్నా, మూల గది పైకప్పు చూస్తే ఆ నమ్మకం కలగడం లేదు. అక్టోబరు వానలకు తూర్పు గోడ వెంట నీళ్లు కారాయి. అర్జీ పెట్టాం. వచ్చి టేపుతో కొలుచుకుని వెళ్లారు. ఎస్టిమేటు వేశామన్నారు. తర్వాత ఫైలు పైకి పోయిందన్నారు. పైన అడిగితే కిందికి పంపామన్నారు. ఆ ఫైలు తడవకుండా ఎక్కడో క్షేమంగా ఉందనే అనుకుంటున్నాను. మా వంతుగా బీరువాల మీద టార్పాలిన్ కప్పాం.

వాలంటీర్ల సంగతి మొహమాటం లేకుండా చెబుతాను. వాట్సాప్ గ్రూపులో ఆదివారం పని అని పెడితే వరసగా బొటనవేళ్లు లేస్తాయి. ఆదివారం గదిలో మాత్రం నేను, కోశాధికారి, ఇద్దరు విద్యార్థులు. కారణం అడిగితే బంధువులు దర్శనానికి వచ్చారంటారు. తిరుపతిలో కాపురం ఉన్నవాళ్లకు ఏడాది పొడుగునా బంధువులే, ఒప్పుకుంటాను. బ్రహ్మోత్సవాలు, గంగ జాతర రోజుల్లో రమ్మని ఎవరినీ అడగలేదు. మిగతా వారాల మాటేమిటి? కార్యవర్గ సభ్యులే కొందరిని ప్రదర్శన ఫోటోల్లో తప్ప నేను ఎక్కడా చూడలేదు. ఆ ఫోటోల్లో మొదటి వరుసలో ఉన్నారు.

జమాఖర్చులు ఆడిటర్ గారి సంతకంతో మీ కుర్చీల మీద పెట్టాం. ఎక్కువ ఖర్చు పెట్టెలకు, బైండింగుకు, నూనెకు. శిక్షణకు వచ్చినావిడ దారిఖర్చులు కూడా వద్దన్నారు. సందేహాలుంటే కోశాధికారిని అడగండి, ఆయన రసీదులన్నీ సంచిలో తెచ్చుకున్నారు.

వచ్చే ఏడాది మిగిలిన తాళపత్రాల కట్టలన్నిటికీ పేరు, భాష, లిపి, ఆకుల సంఖ్య, ఒక్కో పక్క ఎన్ని పంక్తులున్నాయో వివరాలతో ఫారాలు నింపాలి. గ్రంథ లిపి, నందినాగరి చదవగలిగినవాళ్లు మన దగ్గర లేరు. మీకు తెలిసిన పెద్దలెవరైనా ఉంటే చెప్పండి, మేమే ఇంటికి వెళ్లి తీసుకొస్తాం. లిఖిత పత్రికల స్కానింగు ఉగాదికి పూర్తి చేయాలని కార్యవర్గం తీర్మానించింది.

టీ తర్వాత ఎన్నికలు. అధ్యక్ష పదవికి ముగ్గురు, ఉపాధ్యక్ష పదవికి నలుగురు నామినేషన్ వేశారు. కార్యదర్శి పదవికి ఇప్పటిదాకా ఎవరూ వేయలేదు. నేనూ వేయలేదు. ఫారాలు కోశాధికారి దగ్గర ఉన్నాయి, గడువు ఇంకో అరగంట ఉంది.

ఇట్లు,
కార్యదర్శి