గాలి రాని కిటికీలకు అనుమతులెందుకు?

సంపాదకుడు గారికి,

పోయిన వారం మీ ఆదివారం అనుబంధంలో కొత్త ఇళ్ల కిటికీల గురించి వచ్చిన వ్యాసం చదివినప్పుడే రాయాలనుకున్నాను, ఇప్పటికి వీలు చిక్కింది. అద్దం రంగు, ఫ్రేము మెరుపు, పరదాల బట్ట అంటూ పేజీ నిండా రాశారు. ఆ కిటికీ తెరుచుకుంటుందా, తెరిస్తే గాలి వస్తుందా అన్న ముక్క ఒక్కటీ లేదు. నేల నుంచి పైకప్పు దాకా బిగించిన అద్దాన్ని ఫొటో వేసి మరీ మెచ్చుకున్నారు. దాని వల్ల గదిలోకి వెలుతురు వస్తుంది, వేడి వస్తుంది. గాలి మాత్రం రాదు.

ఇప్పుడు ఎక్కడ చూసినా స్లైడింగ్ కిటికీలే. రెండు రెక్కల కిటికీలో ఒక రెక్క రెండో దాని వెనక్కి జరగడమే తప్ప, ఎంత తెరిచినా సగానికి మించి ఖాళీ ఏర్పడదు. ఆ సగానికీ దోమతెర ఉంటుంది. దాని కన్నాల్లో దుమ్ము పట్టి జిడ్డు బారిందంటే వచ్చే కాస్త గాలీ తగ్గిపోతుంది. పైగా గాలి లోపలికి రావాలంటే బయటికి పోయే దారి కూడా ఉండాలి. ఎదురుగోడకో పక్కగోడకో మరో కిటికీ లేని గదిలో ఉన్న ఒక్క కిటికీ ఎంత పెద్దదైతే ఏం లాభం? వేడెక్కిన గాలి పైకి వెళ్లి బయటపడేందుకు పాత ఇళ్లలో పైకప్పు దగ్గర వెంటిలేటర్లు పెట్టేవారు. ఇప్పుడు వాటిని గీసే ఇంజినీరూ లేడు, అడిగే యజమానీ లేడు.

ఏసీ ఉండగా కిటికీ ఎందుకని చాలామంది అంటారు. గోడకు బిగించే మామూలు స్ప్లిట్ ఏసీ గదిలోని గాలినే లాక్కుని, చల్లబరిచి, మళ్లీ గదిలోకే వదులుతుంది. ఈ సంగతి అమ్మేవాళ్లు చెప్పరు. బయటి గాలిలో కార్బన్ డయాక్సైడ్ పది లక్షల వంతుల్లో 420 పైచిలుకు ఉంటుంది. అన్నీ బిగించుకుని ఇద్దరు పడుకున్న చిన్న గదిలో తెల్లవారేసరికి అది 2,000 దాటడం వింతేమీ కాదు. నివాస గదుల్లో 1,000 మించరాదని జర్మన్ శాస్త్రవేత్త పెట్టెన్‌కోఫర్ 1858లోనే హద్దు చెప్పాడు. పొద్దున్నే తల బరువుగా ఉందంటూ మాత్రల కోసం వెతికే ముందు రాత్రంతా ఏ గాలి పీల్చామో ఆలోచించుకోవాలి.

కార్బన్ డయాక్సైడ్ ఒక్కటే అయితే సర్దుకోవచ్చు. గ్యాస్ పొయ్యి నుంచి ఊపిరితిత్తులకు చేటైన నైట్రోజన్ డయాక్సైడ్ వాయువు వస్తుంది. కొత్త బీరువాల ప్లైవుడ్, బోర్డుల జిగురు నుంచి ఫార్మాల్డిహైడ్ వస్తుంది. ఇది మనుషుల్లో క్యాన్సర్ కలిగించే పదార్థమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లోనే తేల్చింది. ఇక చెమ్మ. మన ఊపిరి, వంట ఆవిరి, ఆరేసిన బట్టలు అన్నీ కలిసి గాలిలోకి చేర్చే తేమ బయటికి పోయే దారి లేక చల్లని గోడలకు పడుతుంది. మా బంధువుల ఇంట్లో పిల్లల గది బీరువా జరిపితే వెనక గోడంతా నల్లటి బూజు, గోరుతో గీకితే సున్నం పెచ్చులుగా రాలింది. ఆ గదికి ఉన్న ఒకే ఒక్క కిటికీ మరుగుదొడ్ల పైపులు దిగే డక్టులోకి తెరుచుకుంటుంది. పిల్లవాడికి ఆయాసం తగ్గడం లేదు. కట్టినాయన వచ్చి చూసి, బూజు మీద రంగు వేయించుకోమని చెప్పి వెళ్లాడు. సంబంధిత కార్యాలయానికి ఫిర్యాదు చేస్తే మనిషి రాలేదు కానీ, సమస్య పరిష్కారమైందని ఫోనుకు సందేశం మాత్రం వచ్చింది. అది చదివిన తల్లిదండ్రులకు ఎలా ఉంటుందో రాసి చెప్పలేను.

బయటి గాలి శుభ్రంగా ఉందా అని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. పీఎం 2.5 అనే అతి సన్నని ధూళి ఘనపు మీటరు గాలికి ఏడాది సగటున 5 మైక్రోగ్రాములు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పింది. ఆ హద్దుకు లోబడిన నగరాలు చాలా తక్కువ. వాహనాల రద్దీ వేళ, చెత్త తగలబెట్టినప్పుడు రోడ్డువైపు కిటికీలు మూసుకోవాల్సిందే. రద్దీ తగ్గాక, వంట జరుగుతున్నప్పుడు, ఇల్లు ఊడ్చేటప్పుడు తెరవాలి. తెరిచే వీలున్న కిటికీనైతే అవసరాన్ని బట్టి మూసుకోవచ్చు. బిగించేసిన అద్దంతో ఏం చేయగలం?

పెరూ రాజధాని లిమాలోని ఆస్పత్రుల్లో గాలి మార్పిడిని కొలిచి 2007లో ఫలితాలు ప్రచురించారు. కిటికీలు, తలుపులు తెరిస్తే గంటకు 28 సార్లు గది గాలి మారింది. యంత్రాలతో గాలి నడిపే గదులకు సిఫార్సు చేసిన లెక్క 12 సార్లే. ఎత్తయిన పైకప్పు, పెద్ద కిటికీలున్న పాత భవనాల్లో 40 సార్లు మారితే, కిటికీల మీదే ఆధారపడ్డ కొత్త భవనాల్లో 17 సార్లు. క్షయలాంటి గాలి ద్వారా సోకే జబ్బుల విషయంలో ఈ తేడా ఎంత ముఖ్యమో వైద్యులకు తెలుసు. అనుమతులిచ్చేవారికి తెలియదా?

ఇంగ్లండులో 1696 నుంచి 1851 దాకా కిటికీల మీద పన్ను ఉండేది. పన్ను తప్పించుకోవడానికి జనం ఇటుకలు పేర్చి కిటికీలు మూసేశారు. ఆ చీకటి గదుల్లో రోగాలు ప్రబలుతున్నాయని వైద్యులు ఏళ్ల తరబడి మొత్తుకున్నాకే దాన్ని ఎత్తేశారు. ఇప్పుడు పన్ను లేకుండానే గాలిని మూసేస్తున్నారు. ప్లాను మీద కిటికీ గీత ఉంటే అధికారులు సంతకం పెడుతున్నారు. అది దేనిలోకి తెరుచుకుంటుందో, ఎంత మేర తెరుచుకుంటుందో చూడటానికి ఒక్కరూ మెట్లెక్కరు. ఇల్లు పూర్తయ్యాక ఇచ్చే ధ్రువపత్రంలో గదికొక వరుస పెట్టి, తెరుచుకునే వైశాల్యం ఎంతో, డక్టులోకా ఆరుబయటికా అన్నది కొలిచి రాయించాలి. కొలిచిన అధికారి పేరు కూడా అందులో ఉండాలి. మీ అనుబంధం వారు కూడా ఇకమీదట ఏ ఇంటి ఫొటో వేసినా, కింద ఈ రెండు వివరాలూ ప్రచురించాలని నా మనవి.

ఇట్లు
మీ పాఠకుడు