సరుగుడు వేయాలా వద్దా అన్నావు కదా

రాజమహేంద్రవరం

ఒరేయ్ మూర్తీ,

ఉత్తరం అందింది. అంతర్వేది వైపు మీ తాతగారి ఇసుక నేలలో కౌలుదారు సరుగుడు వేస్తానంటున్నాడనీ, ఆ కర్ర మన ఊరి పేపరు మిల్లుకు పోతుందట, చెట్టు చేతికొచ్చే నాటికి మిల్లు ఉంటుందో ఊడుతుందో అనీ నీ బెంగ. బ్యాంకులో పనిచేసినవాడివి, ఎవరిని చూసినా అప్పు ఎగ్గొడతాడనే అనుకుంటావు!

మిల్లు బోర్డు మీద పేరు మారినన్ని సార్లు మన వీధి పేరు కూడా మారలేదు. 1920ల నాటి కర్నాటిక్ పేపర్ మిల్స్‌తో మొదలైంది. తర్వాత ప్రభుత్వం చేతికి వచ్చింది. 1964లో ఆంధ్ర ప్రదేశ్ పేపర్ మిల్స్ అనే కంపెనీ ఏర్పడి, బంగూర్ల కుటుంబం చేతిలో చాలాకాలం నడిచింది. 2011లో వాళ్లు అమెరికా వాళ్ల ఇంటర్నేషనల్ పేపర్‌కు అమ్మారు. పట్టుమని పదేళ్లు తిరగలేదు, 2019లో అమెరికా వాళ్లు తమ వాటాలో పెద్ద భాగాన్ని కర్ణాటకలో దాండేలిలోని వెస్ట్ కోస్ట్ పేపర్ మిల్స్‌కు అమ్మేశారు. అదెవరిదనుకున్నావు? బంగూర్లలోనే మరో శాఖది. అమెరికా దాకా వెళ్లి మళ్లీ పాలివాళ్ల గుమ్మంలోకే వచ్చిందన్నమాట. 2020 నుంచి దాని పేరు ఆంధ్ర పేపర్ లిమిటెడ్. కడియంలోనూ వాళ్లదే ఇంకో యూనిట్ ఉంది.

యజమానుల సంగతి అంతటితో వదిలెయ్. నీకు పనికొచ్చే చరిత్ర ఆ మిల్లు తిండిది.

మిల్లును ఇక్కడే ఎందుకు పెట్టారో చూడు. కాగితానికి నీళ్లు విపరీతంగా కావాలి, గోదావరి పక్కనే ఉంది. 1900లో హేవలాక్ వంతెన తెరిచాక మద్రాసు, కలకత్తాల మధ్య రైలు మార్గం మన ఊరి మీదుగానే సాగింది. ఇక ఎగువన ఏజెన్సీ కొండల నిండా వెదురు. నరికి తెప్పలు కట్టి వదిలితే నదే కిందికి తెచ్చేది. కూలి అడగని రవాణా.

అడవి మాత్రం ఎన్నాళ్లని ఇస్తుంది? 1988 జాతీయ అటవీ విధానం, పరిశ్రమలు తమకు కావలసిన కలపను రైతులతో నేరుగా సంబంధం పెట్టుకుని పెంచుకోవాలంది. అడవి కలపను చౌకగా ఇచ్చే పద్ధతి పోవాలంది. అసలు మలుపు అది. మిల్లు మొహం కొండల నుంచి మన పొలాల వైపు తిరిగింది. సుబాబుల్, సరుగుడు నారు రైతుల చేతికి వచ్చాయి. అప్పటిదాకా సరుగుడంటే పందిళ్లకు, ఇళ్లు కట్టేటప్పుడు పరంజాలకు, పొయ్యిలోకి. ఇప్పుడది నోటు పుస్తకం అవుతోంది.

ఆ పని జరిగే తీరు నాకు మహా ఇష్టం. కర్రను చిన్న ముక్కలుగా కొట్టి, కాస్టిక్ సోడా, సోడియం సల్ఫైడ్ కలిపిన ద్రావణంలో పెద్ద ప్రెషర్ కుక్కర్ లాంటి పాత్రలో ఉడికిస్తారు. నార పోగులను పట్టి ఉంచే లిగ్నిన్ కరిగిపోతుంది, గుజ్జు మిగులుతుంది. దిగిన నల్లటి ద్రావణాన్నీ పారబోయరు. చిక్కబరిచి బాయిలర్లో మండిస్తే ఆవిరి, కరెంటు వస్తాయి, ఉడికించడానికి వాడిన రసాయనాలు చాలావరకు తిరిగి చేతికొస్తాయి. గంధకం ఉన్న వంట కనుక ప్రపంచంలో ఎక్కడ చేసినా కుళ్లిన క్యాబేజీ వాసన వెంట ఉంటుంది. వెదురు పోగు పొడవు, కాగితానికి బలమిస్తుంది. సరుగుడు పోగు పొట్టి, అచ్చు నునుపుగా పడుతుంది.

ఇన్ని బాయిలర్లూ గొట్టాలూ పాతుకున్న మిల్లును సంచిలో వేసుకుని ఎవరూ పోలేరు. అందుకే బోర్డు మారితే నాకు భయం లేదు. భయమల్లా ధరతోనే. సుబాబుల్ వేసిన ప్రకాశం, కృష్ణా రైతులు గిట్టుబాటు ధర కోసం రోడ్డెక్కారని పేపర్లలో నువ్వూ చదివే ఉంటావు. అందరూ ఒకటే వేస్తే కొనేవాడిదే రాజ్యం.

అయినా నీ ఇసుక నేలకు సరుగుడు తగిన చెట్టే. వేళ్లలో చేరిన సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని పట్టి ఇస్తాయి, ఎరువు ఖర్చు తగ్గుతుంది. చెట్లు చిన్నగా ఉండగా మధ్యలో వేరుశనగ వేసుకోవచ్చు. నాలుగేళ్లకు అటూ ఇటూగా కోతకు వస్తుంది. తుపాను ఒక్కటే తలనొప్పి. 1996 నవంబరులో కోనసీమలో కొబ్బరి చెట్లు ఎలా పడ్డాయో గుర్తుంది కదా, సరుగుడుకూ మినహాయింపు ఉండదు.

కాబట్టి పొలమంతా వేయనివ్వకు, సగంలో వేయించు. ఇంకోమాట, ధర టన్నుకు కడతారు, పచ్చి కర్ర ఆరేకొద్దీ తూకం తగ్గుతుంది. లారీ మాట్లాడుకున్నాకే గొడ్డలి వేయమని కౌలుదారుకు చెప్పు. కౌలు కాగితం కూడా కోత దాకా చెల్లేలా రాయించు, ఏడాదికని రాస్తే తర్వాత ఇద్దరూ పంచాయితీకి నా దగ్గరికే వస్తారు.

సంక్రాంతికి వస్తున్నావా లేదా? వస్తే ముందు కడియంలో నారు ధరలు కనుక్కుని, అటునుంచి అంతర్వేది వెళ్దాం. చెల్లెమ్మకు, పిల్లలకు నా ఆశీస్సులు.

నీ
శాస్త్రి