తప్పంతా స్టీరింగ్ పట్టినవాడిదేనా?

సంపాదకుడు గారికి,

మా బజారు మలుపులో లారీ ఇరుక్కున్న సంగతిని పోయిన వారం మీ జిల్లా పేజీలో 'డ్రైవర్ నిర్లక్ష్యం' అని ఒక్క ముక్కలో తేల్చేశారు. మధ్యలో జ్వరం తగిలి రాయడం ఆలస్యమైంది గానీ కోపం మాత్రం తగ్గలేదు. నేను 32 ఏళ్లు లారీ తోలినవాణ్ణి. ఆ రోజు ఎదురుగా టీ కొట్టులోనే ఉన్నాను.

డ్రైవరు కూర్చునేది కుడివైపు. అటు గోడకు ఎంత ఎడముందో తల బయటపెట్టి చూసుకుంటాడు. ఎడమవైపు అద్దమే దిక్కు. ఆ ఉబ్బెత్తు అద్దంలో దగ్గరున్నది కూడా దూరంగా కనిపిస్తుంది. అందుకే సందులో కుడి గోడను జానెడు దూరంలో పట్టుకుని, మిగతా జాగా ఎడమకు వదిలేస్తాం. మలుపులో ఇంకో తిరకాసు. ముందు చక్రాలు పోయిన దారిన వెనక చక్రాలు రావు, లోపలికి కోసుకుంటూ వస్తాయి. బండి పొడవైనకొద్దీ కోత ఎక్కువ. ఎడమకు తిరగాలంటే ముందు బాగా కుడికి పోవాలి. ఆ కుడివైపంతా మోటారు సైకిళ్లు, చెరకు రసం బండి! చట్టం లారీకి 2.6 మీటర్ల వెడల్పు ఇచ్చింది, పైగా అద్దాలు ఆ లెక్కలోకి రావు. మరి మన బజారు ఎంత మిగిల్చిందో టేపు పెట్టి కొలిచారా?

పాతపట్నం నుంచి పర్లాకిమిడికి ధాన్యం తోలే రోజుల్లో క్లీనర్ దిగి, వెనక మూల దగ్గర నిలబడి బాడీ మీద అరచేత్తో కొట్టేవాడు. ఒకటి కొడితే ఆగు, రెండు కొడితే పో. ఇప్పుడు బత్తా మిగులుతుందని ఓనర్లు క్లీనర్నే తీసేశారు. ఆ రోజు ఇరుక్కున్న లారీ తోలే కుర్రాడు బండిలో ఒక్కడే ఉన్నాడు. చుట్టూ చేరినవాళ్లు తలో పక్క నుంచి 'రానీ, రానీ' అంటుంటే ఎవరి మాట వినాలి? సగం మంది సెల్‌లో వీడియో తీస్తున్నారు.

ఇక మా బజారు రోడ్డు మీదున్న ఆర్చి సంగతి. పాత రోడ్డు తవ్వకుండా దాని మీదే కొత్త రోడ్డు పోస్తూ పోతే కింద ఎత్తు తగ్గదా? లోడుతో దాటిన బండి ఖాళీగా తిరిగొచ్చేటప్పుడు తగులుతుంది, బరువు దిగితే బండి కింది కమాన్ పట్టీలు (స్ప్రింగులు) పైకి లేస్తాయి కనుక. రైల్వేవాళ్లు కరెంటు లైన్ ఉన్న రైలు గేట్ల ముందు 4.67 మీటర్ల ఎత్తున అడ్డకమ్మీ కడతారు, తగిలినా ముందు దానికే తగలాలని. మా ఆర్చికి ఒక పక్క ఒడియా బోర్డు, ఇంకో పక్క తెలుగు బోర్డు. ఎత్తెంతో మాత్రం ఏ భాషలోనూ లేదు. నాయకుల పుట్టినరోజు ఫ్లెక్సీలకు మాత్రం అక్కడ జాగా ఎప్పుడూ ఉంటుంది. పై అధికారులెవరూ లారీలో రారు కాబట్టి వారికి తల ఎత్తి చూసే పని పడదు.

అరుగు అంచు విరిగిందని ఆ కుర్రాడి దగ్గర అక్కడికక్కడే డబ్బు గుంజారు. మీ విలేకరి అది రాయలేదు. ఆ అరుగు కాలువ దాటి రోడ్డు మీదికి ఎప్పుడొచ్చిందో కూడా రాయలేదు.

- ఒక పాత లారీ డ్రైవరు, గజపతి జిల్లా, ఒడిశా