బాబాయి పొలం, ఎనభై శాతం లెక్క

రాఘవా,

నీ ఉత్తరానికి నెల ఆలస్యంగా జవాబు రాస్తున్నాను, తిట్టుకో. ఊరెళ్లి బాబాయి పొలం గొడవలో ఇరుక్కున్నాను. కాలువ పక్క ఎకరం రోడ్డులో పోతోంది.

పరిహారం కాగితం వచ్చిన రోజు ఆయన ముఖం నువ్వు చూడాల్సింది! గత మూడేళ్ల దస్తావేజుల్లో ఎక్కువ ధర పలికినవి ఏరి, సగటు తీసి కట్టారట. స్టాంపు డ్యూటీ మిగులుతుందని ఊరంతా ధర తగ్గించి రాయించుకున్న దస్తావేజులే అవి! "కిందటేడు పక్క ముక్క కొన్నప్పుడు నేనూ అలాగే రాయించానురా" అన్నాడు, కండువా దులుపుకుంటూ. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. 2013 భూసేకరణ చట్టం పల్లెల్లో ఆ ధరను రెండింతల దాకా పెంచి, దానిమీద మరో అంత సొమ్మూ సొలేషియంగా, అంటే ఇష్టం లేకున్నా పొలం వదులుకున్నందుకు ఊరడింపుగా, ఇమ్మంటుంది. మూలమే దొంగలెక్క అయ్యాక ఎంత హెచ్చవేసి ఏం లాభం?

"ఇవ్వనంటే?" అని అడిగాడు. అనడానికి లేదు. 1978లో 44వ రాజ్యాంగ సవరణ ఆస్తి హక్కును ప్రాథమిక హక్కుల్లోంచి తీసి 300ఎ అధికరణంలో కూర్చోబెట్టింది. చట్టప్రకారం అయితే చాలు, తీసుకోవచ్చు.

ఆ 2013 చట్టమే ప్రైవేటు కంపెనీకి తీసుకుంటే మాత్రం 80 శాతం బాధిత కుటుంబాల సమ్మతి కావాలంటుంది. నూరు ఎందుకు కాదు? బుకానన్, టల్లాక్ అనే అమెరికన్ ఆర్థికవేత్తలు 1962లోనే రాజ్యాంగ నియమాలకు ఈ లెక్క కట్టారు. కొద్దిమందే నిర్ణయిస్తే మిగతావాళ్లు నష్టపోతారు. అందరూ ఒప్పుకోవాలంటే బేరాలతోనే పుణ్యకాలం గడిచిపోతుంది, చివరివాడు ఆడింది ఆట అవుతుంది. రెండు ఖర్చులూ కలిపి ఎక్కడ తక్కువో అక్కడ గీత గీయాలి.

బాగుంది. రోడ్డుకు మధ్యలో ఒక్క ముక్క ఆగినా పని ఆగుతుంది కాబట్టి సమ్మతి వద్దంటే ఒప్పుకుంటాను. కానీ ప్రభుత్వం సొంత కార్యాలయం కట్టుకోవడానికి తీసుకున్నా సమ్మతి అక్కర్లేదట! ఈ పొలం కాకపోతే ఆ పొలంలో కట్టుకోలేదా? కొనేది ఎవరన్నది కాదు, ఒక్కడు అడ్డంపడితే పని ఆగుతుందా లేదా అన్నది చూడాలి కదా. బాబాయితో ఇదంతా చెబితే "మరి రోడ్డుకు నా పొలమే ఎందుకు, ఆ వంపు అటు తిప్పవచ్చుగా" అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు.

గట్టుమీది వేపచెట్టుకు వేరే విలువ కట్టాలని ఒకాయన టేపు తెచ్చి చుట్టుకొలత తీశాడు. రెండో కొస పట్టుకున్నది బాబాయే.

ఇంతకీ, నీ ఇంటి దస్తావేజులో ధర ఎంత రాయించావు? నిజం రాయి.

నీ
శ్రీను